రోజుకు మూడు చెంచాల ధైర్యం

గోరిమేడు, పుదుచ్చేరి
జూన్ 9

పూజ్యులైన కృష్ణస్వామి బావగారికి, ఆదిమూలం నమస్కరించి రాసేది.

ఇక్కడ మా ఇంటావిడ మణియమ్మ క్షేమం. నేనూ క్షేమమేనని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని మీరు అనుకుంటారు. నా ఫోను బియ్యం డబ్బాలో ఉంది. నెల క్రితం ఆఫ్ చేసి అందులో పెట్టింది నేనే. ఎందుకో చెప్పాలంటే మా ఫ్యాక్టరీలో జరిగింది చెప్పాలి.

ఇక్కడే మేట్టుపాళయంలో మా పైపుల ఫ్యాక్టరీ మీకు తెలిసిందే. ఇరవై రెండేళ్ళుగా అక్కడ ఎలక్ట్రీషియన్ని. నేను కూర్చునేది ప్యానెల్ గదిలో. ఏ మెషీను రిపేరుకు వచ్చినా దానికి కరెంటు ఆపేది నేను, పని అయ్యాక ఇచ్చేది నేను. పని అయిందని గదిలో ఉన్న ఫోనుకు కబురు చేస్తారు, అప్పుడు స్విచ్చి వేస్తాను. మే ఆరో తేదీ పొద్దున పదకొండుకు శిలంబరసన్ మిక్సర్ మోటారు విప్పాడు. ముప్పై నాలుగేళ్ళవాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు, నా క్యారియరులో ఊరగాయ నన్ను అడక్కుండా తీసుకునేవాడు. అరగంటకు ఫోను మోగింది. "పనైపోయింది, ఆన్ చెయ్" అన్నారు. మెషీన్ల రొదలో గొంతు ఎవరిదో పోల్చుకోలేకపోయాను. ఆన్ చేశాను. శిలంబరసన్ చేతులు ఇంకా వైర్ల మీదే ఉన్నాయి.

ఇంతకంటే రాయలేను బావా.

సూపర్‌వైజర్ చంద్రన్ తాను ఫోను చెయ్యలేదంటున్నాడు. ఫ్యాక్టరీ మొత్తంలో ఎవరూ చెయ్యలేదట. ఆ రోజు నుంచి ఎక్కడ ఫోను మోగినా చేతులు చల్లబడి చొక్కా తడిసిపోతోంది. మోగకపోయినా మోగినట్టు వినిపిస్తోంది. పక్కింట్లో కుక్కరు కూత వేస్తే నేను వీధిలో ఉంటున్నాను. ఇంట్లో ఫ్యాను స్విచ్చి కూడా మణియమ్మే వెయ్యాలి. నిన్న ఆమె పెద్ద మార్కెట్టుకు వెళ్ళి రెండు గంటలకు వచ్చింది. ఆ రెండు గంటలూ ఆగిపోయిన ఫ్యాను కింద చెమటలు కారుస్తూ కూర్చున్నాను, ఇంత సర్వీసున్న ఎలక్ట్రీషియన్ని.

నాదొక మనవి. పది రోజులు యానాం వచ్చి మీ దగ్గర ఉంటాను. కమలక్క ఉన్నప్పుడు మీ ఇంట్లోనే రెండేళ్ళుండి ఐటీఐ చదివాను. ఈ తెలుగు అక్షరాలు అక్క నేర్పినవే. అక్క పోయి నాలుగేళ్ళయినా ఆ ఇల్లు తలుచుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. మిమ్మల్ని ఏమీ విసిగించను. గోదావరి గట్టు మీద కూర్చుని వచ్చేస్తాను. రమ్మని ఒక్క ముక్క రాయండి.

మీ బావమరిది
ఆదిమూలం

తా.క.: ఫోను బియ్యంలో పెట్టినందుకు మణియమ్మ ఏమీ అనలేదు. దానికి తగలకుండా పక్కనుంచి కొలుచుకుంటోంది. ఇప్పుడు బియ్యం అడుగుకు వచ్చింది. దాన్ని ఇంకెక్కడ దాచాలో నాకు తోచడం లేదు.

*

యానాం
జూన్ 13

చిరంజీవి ఆదిమూలాన్ని కృష్ణస్వామి ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం మంచి సమయానికి వచ్చింది. చదివి బాధపడ్డాను, వెంటనే సంతోషించాను. ఎందుకంటే నీ జబ్బుకు కావలసింది మా ముందుగదిలోనే ఉంది. నలభై అట్టపెట్టెలుంది.

మీ అక్క పోయాక పొద్దుపోక ధీరసుధ కంపెనీలో చేరిన సంగతి నీకు ఫోనులో చెప్పాను. ఇప్పుడు నేను గోల్డ్ సలహాదారుని. రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, నన్నిక్కడ డాక్టరుగారూ అని పిలుస్తున్నారు. అలా పిలవొద్దని చెబుతూనే ఉన్నాను, కాకపోతే కాస్త నెమ్మదిగా.

భయమనేది ఒక పోషకాహార లోపం ఆదిమూలం. ఒంట్లో మెగ్నీషియం తగ్గితే లేని ఫోను మోగుతుంది. జింకు తగ్గితే కుక్కరు కూతకు ఉలికిపడతాం. ఇది నా సొంత మాట కాదు, నన్ను కంపెనీలో చేర్చిన ఆయన చెప్పింది. చేర్చినవాణ్ణి మేము అప్‌లైను అంటాం. ఆయన ఇంజినీరింగు మధ్యలో మానేసి మనుషుల మనసు గురించి చదివాడు.

మూడు డబ్బాలు పార్సెల్లో పంపుతున్నాను. పచ్చ డబ్బా ధైర్యానికి, పొద్దున ఒక చెంచా. పసుపు డబ్బా శాంతికి, మధ్యాహ్నం ఒక చెంచా. ఊదా డబ్బా మరపుకు, సాయంత్రం ఒక చెంచా. గోరువెచ్చని నీళ్ళలో కలిపి, ఉండలు లేకుండా తాగాలి. ఉండలుంటే భయం ఉండలుగానే మిగిలిపోతుందని అప్‌లైను అంటాడు.

ఇక్కడికి రావడం మాత్రం ఇప్పుడొద్దు. నువ్వుండే గదిలో సరుకు పేర్చాను, మనిషి పడుకునే చోటు లేదు. మందు ఇంట్లో పెట్టుకుని ఊళ్ళు తిరగడం దేనికి?

రోజూ మూడు పూటలా నీ మంచి కోరే
కృష్ణస్వామి

తా.క.: ఊదా డబ్బా కొలతగా వాడు. పక్క వీధిలో ఒకాయన తాగిన సంగతి మరిచిపోయి మళ్ళీ తాగాడు, అదీ మరిచిపోయి మూడోసారి తాగాడు. ఇంతకంటే రుజువేం కావాలి?

*

గోరిమేడు
జూన్ 30

బావగారికి ఆదిమూలం నమస్కారాలు.

పార్సెల్ అందింది. మీరు ఇంత ప్రేమతో పంపారు కాబట్టి రెండు వారాలూ ఒక్క పూట మానకుండా తాగాను. వానకు తడిసిన సున్నపు గోడ రుచి ఉంది. మొదటి వారం కడుపు ఉబ్బింది. రెండో వారం కడుపు కట్టు తెగింది. గత మూడు రోజులుగా ఫోను గురించి ఆలోచనే రాలేదు, రావడానికి నాకు తీరిక లేదు. పెరటి తలుపుకీ నా మంచానికీ మధ్య తిరగడంతోనే సరిపోయింది. మణియమ్మ "నువ్వు యాడున్నావో నేను వెతకబన్లేదు, ఈ పొడి వచ్చినాక" అంది.

అసలు సంగతి ఇది. కంపెనీవాళ్ళు విచారణ పెట్టారు. చెన్నై నుంచి ఒక అధికారి వస్తాడు. ఆగస్టు పదకొండున నన్ను పిలుస్తారు. ఫోను మోగిందని నేను రుజువు చెయ్యాలట. గదిలో ఉన్నది పాతకాలపు ఫోను, ఎవరు చేశారో ఎప్పుడు చేశారో అందులో ఉండదు. మోగలేదని తేలితే నా అంతట నేనే స్విచ్చి వేసి మనిషిని చంపినట్టు. అప్పుడు ఉద్యోగం పోవడం చిన్న సంగతి.

దానికంటే ఇంకో భయం ఉంది, మీకే చెబుతున్నాను. అది మోగిందా లేదా అని నాకే అనుమానం వస్తోంది. ఇప్పుడు లేని ఫోను ఇన్నిసార్లు వినిపిస్తోంది కదా, ఆ రోజు కూడా అంతేనేమో. శిలంబరసన్ భార్య విజిని చూసి రావాలని రెండుసార్లు బయలుదేరాను. వాళ్ళ వీధి మొదట్లోంచే తిరిగి వచ్చేశాను.

వరండాలో చాప చాలు బావా. రమ్మనండి.

మీ
ఆదిమూలం

తా.క.: డబ్బా అడుగున చీమ తలంత అక్షరాలతో "ఇది ఏ జబ్బునూ నయం చేయడానికి ఉద్దేశించినది కాదు" అని ఇంగ్లీషులో ఉంది. మీ కంపెనీలో ఒక్కడైనా నిజం చెప్పేవాడున్నాడు. పాపం, అతనికి అడుగున చోటిచ్చారు.

*

యానాం
జులై 7

చిరంజీవి, విజయుడు ఆదిమూలాన్ని మనసారా ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం చదివి నా కళ్ళు చెమ్మగిల్లాయి. "మూడు రోజులుగా ఫోను గురించి ఆలోచనే రాలేదు" అన్న వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీశాను. ఆదివారం కాకినాడ మీటింగులో ఆ వాక్యం చదివాను. నలభై మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కడుపు సంగతి వాళ్ళకు చెప్పలేదు. అది లోపలి విషం బయటికి పోవడమే, నువ్వు దిగులుపడకు.

అప్‌లైను అక్కడికక్కడే నిన్ను మా ప్రాంతపు ఆదర్శ వినియోగదారుగా ప్రకటించాడు. నీ పేరు మీద కరపత్రం వేయించాం. పైన రెండు ఫోటోలు. "వాడకముందు" అన్నచోట నీ ఓటరు కార్డు ఫోటో, "వాడిన తర్వాత" అన్నచోట నీ పెళ్ళి ఫోటో. కింద తెలుగులోనూ తమిళంలోనూ ఇలా ఉంటుంది:

"పుదుచ్చేరికి చెందిన ఎలక్ట్రీషియన్ శ్రీ ఆదిమూలం ఇరవై ఏళ్ళుగా లేని ఫోను మోగినట్టు వినిపించే వింత జబ్బుతో బాధపడ్డారు. ఇరవై రోజుల్లో ధీరసుధ ఆ మోతను ఆపేసింది."

నెల రోజుల జబ్బు ఇరవై రోజుల్లో తగ్గిందంటే జనానికి ఆనదని, ఇరవై ఏళ్ళని వేయమని అప్‌లైను అన్నాడు. వినడానికి కూడా ఇరవైకి ఇరవై బాగుంది.

నీకు పది కాపీలు పంపుతున్నాను. మీ ఫ్యాక్టరీ మేనేజరుగారి పేర విడిగా యాభై పంపాను. నీ గురించి వాళ్ళూ గర్వపడాలి కదా. నోటీసు బోర్డు మీద పెట్టమని కవరులో చీటీ కూడా రాసి పెట్టాను.

నిన్ను చూసి పొంగిపోయే
కృష్ణస్వామి

తా.క.: విచారణ అని ఏదో రాశావు. ప్రమోషను గురించేనా?

*

గోరిమేడు
జులై 16

బావగారికి,

మీ కరపత్రం నోటీసు బోర్డు మీద పెట్టారు. మీరు కోరినట్టే, నాలుగు మూలలా నాలుగు గుండుసూదులతో. ఇంకో కాపీ విచారణ ఫైలులో పెట్టారు. దానికి నంబరు కూడా వేశారు, సాక్ష్యం నంబరు ఏడు.

సోమవారం చంద్రన్ నన్ను ఆఫీసుకు పిలిపించాడు. కరపత్రం బల్ల మీద పరిచి వేలితో చూపించాడు.

"ఏంది ఆదిమూలం, ఇరవై ఏండ్లుగా మోగతా ఉందంట కదా. మాకెవురికీ చెప్పనేలేదే."

"అది మా బావ రాసినాడు సార్. నాకు ఈ మే నెల నుంచే."

"మీ బావ అబద్ధాలకోరా?"

ఏమనమంటారు?

"ఆ పొద్దు కూడా అట్లనే మోగింటాది. నిన్నేమీ అన్లేదబ్బా. జబ్బు మనిషివి. జబ్బు మనిషిని ఆ గదిలో కూసోబెట్టింది మాదే తప్పని రాసి ఇచ్చేస్తాం, నువ్వొక సంతకం పెట్టి ఇంటికి పో" అన్నాడు. దయగా అన్నాడు బావా. అదే నాకు భరించలేనిదైంది. సంతకం పెట్టకుండా వచ్చేశాను.

మరునాడు మధ్యాహ్నం విజి మా ఇంటికి వచ్చింది. నేను వెళ్ళలేకపోయిన మనిషి తనే వచ్చింది. ఆమె కూడా మా ఫ్యాక్టరీలోనే ప్యాకింగులో పని చేస్తుంది. ప్యానెల్ గదికి గోడ అవతలే వాళ్ళ బల్ల. మణియమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండా చేతిలోనే పట్టుకుని నిలబడి చెప్పింది.

"మోగిందన్నా. నేను విన్నా. రెండుసార్లు మోగి ఆగింది. నువ్వు ఎత్తి సరే అన్నావు. ఆ మాట కూడా విన్నా."

నేను గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. రెండు నెలల తర్వాత నా చెవులు నావే అనిపించాయి. ఏడ్చాను. చావుకు పోలేని మనిషిని, వాడి పెళ్ళాం ముందు కూర్చుని ఏడ్చాను.

"ఆ మాట ఆడ వచ్చి చెప్తావా అమ్మా" అని మణియమ్మ అడిగింది.

విజి గ్లాసు కింద పెట్టింది. "నన్ను పర్మనెంట్ చేస్తామన్నారు అక్కా. ఇద్దరు బిడ్డలు. నేను ఏమీ వినలేదని ముందే రాయించుకున్నారు. అన్నకు తెలియాలని వచ్చినా, అంతే."

ఆమెను తప్పు పట్టను. ఆమె వెళ్ళాక లేచి ఫ్యాను స్విచ్చి నేనే వేశాను. మే నెల తర్వాత అదే మొదటిసారి.

మణియమ్మ నన్ను పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. కార్తిక అనే డాక్టరమ్మ చూసింది. రక్తం పరీక్ష చేయించి, విటమిన్ డి, బి ట్వెల్వ్ తక్కువున్నాయని మాత్రలు రాసింది. "ఇవి లోటు తీరడానికి. భయానికి మాత్రం ప్రతి గురువారం నువ్వే రావాలి, కూర్చుని మాట్లాడాలి" అంది. మీ మూడు డబ్బాలు చూపించాను. అడుగున ఉన్న అక్షరాలు ఆమె కళ్ళజోడు లేకుండానే చదివింది.

ఇప్పుడు మీరు చెయ్యవలసింది ఒక్కటే. ఆ కరపత్రం మీరు కల్పించి రాసిందని, నాకు ఈ బాధ మే ఆరు తర్వాతే మొదలైందని విచారణ అధికారి పేర ఒక కాగితం రాసి సంతకం పెట్టి పంపండి. పదకొండో తేదీలోగా నా చేతికి రావాలి. నా తరఫున మాట్లాడగలిగింది ఇప్పుడు మీరొక్కరే.

ఆదిమూలం

తా.క.: "వాడిన తర్వాత" ఫోటోలో నా పక్కన కత్తిరించి పారేసిన భుజం మణియమ్మది. మూడు డబ్బాలు తాగితే పెళ్ళాం మాయమవుతుందా అని ఆమె మిమ్మల్ని అడగమంది.

*

యానాం
జులై 23

ఆదిమూలానికి ఆశీస్సులు.

నీ ఉత్తరంలో కోపం కనబడింది. మొదట నొచ్చుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, చల్లబడే చేతులవాడికి కోపం వచ్చిందంటే ధైర్యం తిరిగి వస్తున్నట్టే. పచ్చ డబ్బా పని చేస్తోంది.

నువ్వు అడిగిన కాగితం నేను రాయలేను. కారణం చెబుతాను, శాంతంగా చదువు. ఆగస్టు పదకొండునే విజయవాడలో మా కంపెనీ మహాసభ. రెండు వేల మంది వస్తారు. నన్ను వేదిక మీదికి పిలిచి డైమండ్ సలహాదారుగా ప్రకటిస్తారు. దానికి కారణం నీ కథే. అదే రోజున అదంతా అబద్ధమని సంతకం పెట్టమంటావా? నిన్ను చూసి పొడి మొదలుపెట్టినవాళ్ళు ఈ చుట్టుపక్కలే అరవై మంది ఉన్నారు. వాళ్ళ ధైర్యం ఏమవుతుంది?

అయినా అందులో అబద్ధమేముంది? లేని ఫోను వినిపిస్తోందని నువ్వే రాశావు. ఆలోచన రాలేదని నువ్వే రాశావు. నేను కాలాన్ని కొంచెం వెనక్కి జరిపానంతే. మీ సూపర్‌వైజరు దయగా మాట్లాడాడని కూడా నువ్వే రాశావు. మంచి మనిషిలా ఉన్నాడు, ఆ సంతకమేదో పెట్టి ఇంటిపట్టున ఉండు. ఇక ఆ డాక్టరమ్మ. ఆసుపత్రి వాళ్ళకు మేమంటే ఎప్పుడూ పడదు.

ఒక్క సంగతి రాస్తాను. ఈ పొడి మీద ఎవరు మాటన్నా నేను పడను. మీ అక్క జ్వరంతో ఉన్నప్పుడు ఏ ఆసుపత్రిలోనూ బెడ్డు దొరకలేదు. ఆ రోజు ఇది నా చేతిలో ఉండి ఉంటే కమల ఇవాళ నాకు కాఫీ ఇచ్చేది. అందుకే ఈ వయసులో సంచి మోసుకుని ఊరూరా తిరుగుతున్నాను. నీకు చులకనగా ఉండవచ్చు.

కృష్ణస్వామి

తా.క.: కొత్తగా నల్ల డబ్బా వచ్చింది, కృతజ్ఞతకు. నీకు ఒకటి పంపుతున్నాను. రెండు చెంచాలతో మొదలుపెట్టు.

*

గోరిమేడు
జులై 30

బావగారికి నమస్కారం.

కాగితం గురించి ఇక అడగను. మీకు వీలు కాదని అర్థమైంది. పదకొండున వెళ్ళి, ఫోను మోగింది, నేను విన్నాను అని చెబుతాను. నమ్మితే నమ్ముతారు.

కార్తిక డాక్టరమ్మ దగ్గరికి రెండు గురువారాలు వెళ్ళాను. బియ్యం డబ్బాలోని ఫోను తెమ్మంది, తీసుకుపోయాను. బల్లకు అటు తను కూర్చుని, ఇటు నన్ను కూర్చోబెట్టి, తన ఫోనులోంచి నాకు ఫోను చేసింది. మొదటిసారి నేను గది బయటికి వెళ్ళిపోయాను. ఆమె పిలవలేదు, నేనే మళ్ళీ వచ్చి కూర్చున్నాను. రెండోసారి మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను. మూడోసారి ఎత్తి "ఎవరండీ" అన్నాను. "నేనే, ఎదురుగా ఉన్నాను" అంది. చాలా రోజులకు నవ్వొచ్చింది. బస్సులో వచ్చేటప్పుడు ఎవరిదో మోగితే మళ్ళీ చెమట పట్టింది. అట్లా ఒక అడుగు ముందుకు, అర అడుగు వెనక్కి ఉంది. కాలం పడుతుందంది. ఎంత కాలమో చెప్పలేనంది. లెక్క చెప్పని మనిషి కాబట్టి నమ్మకం కుదిరింది.

ఆమెకు మన ఇంటి సంగతులు కావాలట, ఎవరెవరికి ఏ జబ్బులు, ఎవరెట్లా పోయారని. అక్క సంగతి అడిగింది. నాకు తెలిసింది మీరు ఆ రోజు ఫోనులో చెప్పిందే, బెడ్డు దొరకలేదని. అప్పుడు లాక్‌డౌనని దారులన్నీ మూసేశారు, నేను చూడడానికి కూడా రాలేకపోయాను. ఎన్నాళ్ళు జ్వరం ఉంది, ఏ మందులిచ్చారు, ఎక్కడెక్కడ అడిగారు, చివర్లో అక్క ఏమైనా అందా అంటే నా దగ్గర జవాబు లేదు. వీలైతే రాయండి. నిందగా అడగడం లేదు బావా. మీరు ఒక్కరే ఎంత తిరిగి ఉంటారోనని ఇన్నేళ్ళూ నేను అడగనేలేదు. "మీ బావగారైనా ఎవరితోనైనా చెప్పుకున్నారా" అని డాక్టరమ్మ అడిగింది. తెలియదన్నాను.

ఆరోగ్యం చూసుకోండి. విజయవాడ ప్రయాణం ఎండలో, గొడుగు పెట్టుకోండి.

ఆదిమూలం

తా.క.: కృతజ్ఞత డబ్బా తిప్పి పంపాను. లోపల ఏముందని పోస్టాఫీసులో అడిగారు. పొడి అన్నాను. ఏం పొడి అని మళ్ళీ అడిగారు. నాకూ తెలియదన్నాను.

*

యానాం
ఆగస్టు 5

ఆదిమూలం,

నిందగా అడగడం లేదని రాశావు. నిందగా అడిగి ఉంటే జవాబు రాయడం నాకు తేలికయ్యేది. మూడు రోజులుగా ఈ కాగితం ముందు కూర్చుంటున్నాను.

కమల పోయాక నేను ధీరసుధలో చేరానని అందరికీ చెబుతాను. నీకూ చెప్పాను. అది నిజం కాదు. ఆమె పోవడానికి ఐదు నెలల ముందే చేరాను.

జ్వరం ఆరు రోజులుంది. మొదటి రోజే అప్‌లైనుకు ఫోను చేశాను. ఆసుపత్రికి వెళ్తే లేని జబ్బు కూడా అంటుకుంటుంది, మూడు పూటలా పొడి ఇవ్వండి, రెండు రెట్లు ఇవ్వండి అన్నాడు. నేను ఇచ్చాను. నేనే కలిపి, ఉండలు లేకుండా, నేనే తాగించాను. నాలుగో రోజు పొద్దున కమల మంచం మీద లేచి కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. యానాంలో ముప్పై ఏళ్ళున్నా మీ ఇంటి మాట పోలేదు కదా ఆమెకు. "ఏందయ్యా ఇది, ఊపిరి ఆడటంలేదు. కాకినాడకు పోదాం పా" అంది. రెండు రోజులాగు, ఇప్పుడిప్పుడే గుణం కనిపిస్తోంది అన్నాను. ఆమె నన్ను నమ్మింది. ఐదో రోజు అడగలేదు. ఆరో రోజు మధ్యాహ్నం నాకు భయం వేసి ఆటో కోసం వీధి చివరికి పరుగెత్తాను. ఆటో దొరికింది. తీసుకుని వచ్చేసరికి అవసరం లేకపోయింది.

బెడ్డు దొరకలేదని చెప్పాను. ఆ నెలలో ఎవరికీ దొరకలేదు కాబట్టి ఎవరూ మారు అడగలేదు. నేను ఒక్క ఆసుపత్రికి వెళ్ళలేదు ఆదిమూలం. ఒక్కచోటికీ ఫోను చెయ్యలేదు. అడిగి ఉంటే దొరికేదో లేదో నాకు ఎప్పటికీ తెలియదు.

ఈ పొడి పనిచెయ్యదని ఒప్పుకుంటే నేను ఏం చేశానో కూడా ఒప్పుకోవాలి. అందుకని అది పనిచేస్తుందని నాలుగేళ్ళుగా కనబడిన ప్రతి మనిషికీ చెబుతున్నాను. నీ మూడు రోజుల మాట చదివినప్పుడు ఏడ్చింది కాకినాడ ఆవిడ కాదు, ముందు నేను. ఒక్కడికైనా నయమైందంటే, కమల విషయంలో నా పొరపాటు కొలతలోనే ఉందని అనుకోవచ్చు కదా. నీ ఉత్తరంలో మిగతాదంతా కూడా చదివాను. కడుపు సంగతి, విచారణ సంగతి, వరండాలో చాప సంగతి, అన్నీ చదివాను. నాకు అక్కర్లేనివి వదిలేశాను. ప్రమోషనా అని నిన్ను అడిగింది తెలియక కాదు.

నిన్ను ఇక్కడికి రానివ్వంది కూడా చోటు లేక కాదు. నువ్వు వస్తే అక్క గురించి అడుగుతావు.

విచారణ అధికారి పేర కాగితం రాశాను, ఇందులో ఉంది. కరపత్రంలో ఉన్నది నేను కల్పించిందని, నీ ఉత్తరాలు నా దగ్గర తేదీలతో సహా ఉన్నాయని రాశాను. ఆ ఉత్తరాలు కూడా తెస్తున్నాను. తొమ్మిదిన కాకినాడలో రైలెక్కుతాను, పదిన అక్కడ ఉంటాను. ఆ అధికారికి తెలుగు రాదు కాబట్టి నేనే నిలబడి తమిళంలో చదివి చెబుతాను. దీనితో నీ ఉద్యోగం నిలుస్తుందో లేదో నాకు తెలియదు. వాళ్ళ దగ్గర చంద్రన్ ఉన్నాడు, సంతకం పెట్టిన విజి ఉంది. నీ దగ్గర ఒక అబద్ధాలకోరు బావ ఉన్నాడు. ఆ చంద్రన్ అడిగిన ప్రశ్నకు నువ్వు ఇవ్వని జవాబు నేనే వచ్చి ఇస్తాను.

ఈ ఉత్తరం చదివాక నా ముఖం చూడలేననిపిస్తే స్టేషనుకు రావద్దు. మీ ఊరి పక్క బాహూరులో మా వాళ్ళింట్లో దిగి, సరాసరి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వస్తాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా నా పక్కన కూర్చోవాలి, అంతే అడుగుతున్నాను. మణియమ్మకు ఇది నువ్వే చదివి వినిపించు, నా నోటితో చెప్పలేను.

కమలమ్మాళ్ భర్త
కృష్ణస్వామి

తా.క.: మహాసభకు రావడం లేదని నిన్న అప్‌లైనుకు ఫోను చేసి చెప్పాను. వేదిక మీద చోటు ఖాళీగా ఉంటే బాగుండదు, మీ తరఫున ఎవరినైనా పంపండి సార్ అన్నాడు. మనిషి లేదు, మా ఆవిడ ఫోటో ఉంది, పంపిస్తాను అన్నాను. ఆయన చాలా సంతోషించాడు. మేడమ్ మన ప్రోడక్టు ఎన్నాళ్ళు వాడారు సార్, ఫోటో కింద వేస్తాం అన్నాడు. ఆరు రోజులు అని చెప్పాను. రాసుకున్నాడు.